ఫంక్షన్ హాలుకు వాకీటాకీలు: 10 కి.మీ. రేంజి అన్నవి కొనొచ్చా, లైసెన్సు కావాలా?

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం. తిరుచానూరు రోడ్డులో మీకు ఫంక్షన్ హాలు ఉంది. సెల్లార్‌లో పార్కింగ్, కింద భోజనాల హాలు, పైన కల్యాణ వేదిక. పనివాళ్లు ఎనిమిది మంది. ముహూర్తం వేళ ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. ఆన్‌లైన్‌లో "5 వాట్లు, 10 కి.మీ. రేంజి" అని సెట్లు కనిపిస్తున్నాయి. అవి కొనొచ్చా, లైసెన్సు కావాలా, దామలచెరువు దగ్గర నాన్నగారి 10 ఎకరాల మామిడి తోటలో అవే పనికొస్తాయా, పెళ్లివారి బ్యాచ్ తిరుమల కొండకు నడిచి వెళ్తే కింద నుంచి మాట్లాడొచ్చా అని అడిగారు.

సూటిగా సమాధానం: ఆ 5 వాట్ల సెట్లు కొనకండి. లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (ఫ్రీక్వెన్సీల వరుసలో) పనిచేసే అర వాట్ సెట్లు, ఒకే మోడల్‌వి పది తీసుకోండి. ఎనిమిది చేతుల్లోకి, రెండు స్పేరుకు. మీ హాలుకు అవి చాలు, సెల్లార్ ఒక్కదానికే చిన్న ఏర్పాటు చేసుకోవాలి. తోటలో బాగా పనిచేస్తాయి. హాలు నుంచి తోటకు అందవు. కొండకు కూడా అందవు, ఎందుకో కింద రాశాను.

లైసెన్సు సంగతి

మన దేశంలో వైర్‌లెస్ సెట్టు వాడటానికే కాదు, దగ్గర ఉంచుకోవడానికి కూడా అనుమతి కావాలి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఆ మాటే చెప్పింది, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టమూ అదే చెబుతోంది. దీనికి మినహాయింపుగా కొన్ని బ్యాండ్లు వదిలారు. 2018లో వచ్చిన తక్కువ పవర్ పరికరాల నియమాల కింద 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అక్కర్లేదు. మీకు కావాల్సింది అదే. యూరప్‌లో చాలాకాలంగా పీఎంఆర్ 446 పేరుతో వాడుతున్న బ్యాండ్ ఇది. 446.00625తో మొదలై 12.5 కిలోహెర్ట్జ్ ఎడంతో 446.19375 దాకా 16 చానెళ్లు ఉంటాయి.

బ్యాండ్ ఉచితమైనంత మాత్రాన ఏ సెట్టయినా సరిపోదు. ఆ మోడల్‌కు కేంద్ర టెలికం శాఖలో వైర్‌లెస్ వ్యవహారాలు చూసే డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ సర్టిఫికెట్, అంటే ఆ పరికరానికి ఆమోదపత్రం, ఉండాలి. అమ్మేవాడిని ఆ సర్టిఫికెట్ కాపీ అడగండి. అందులోని మోడల్ నంబరు, సెట్టు వెనక బ్యాటరీ తీస్తే కనిపించే లేబుల్ మీది నంబరు ఒకటే కావాలి. ఆన్‌లైన్‌లో ఎలా పడితే అలా అమ్ముతున్నారనే 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ వాకీటాకీల అమ్మకాల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. అమ్మకం పేజీలో ఫ్రీక్వెన్సీ, ఈటీఏ వివరాలు లేకపోతే ఆ పేజీ మూసేయండి.

మీరు చూసిన 5 వాట్ల సెట్లు చాలామటుకు 136–174, 400–480 మెగాహెర్ట్జ్ మొత్తం తిరిగేవి. ఆ మధ్యలోనే పోలీసు, అటవీ శాఖ, రైల్వే, ఇంకా లైసెన్సు కట్టి వాడుకునే సంస్థల ఫ్రీక్వెన్సీలు చాలా ఉంటాయి. పనిపిల్లవాడు చేతికి దొరికిన బటన్ నొక్కి చానెల్ మారిస్తే ఎవరి మాటల మధ్యలోకి వెళ్లాడో వాడికే తెలియదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతిలో అలాంటిది జరిగితే బాధ్యత సెట్టు యజమానిదే. ఆ రకం సెట్లు హామ్ లైసెన్సు, అంటే అభిరుచి కోసం రేడియో నడిపేవాళ్ల లైసెన్సు, ఉన్నవాళ్ల కోసం. ఆ పరీక్ష 12 ఏళ్లు నిండిన ఎవరైనా రాయొచ్చు, మీ ఇంట్లో పిల్లలకు ఆసక్తి ఉంటే తప్పకుండా రాయించండి. కానీ హామ్ లైసెన్సు మీద వ్యాపారం మాటలు మాట్లాడకూడదు, కాబట్టి హాలుకు అది దారి కాదు.

అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిచ్చే జతల గురించి కూడా ఒక మాట. అక్కడ లైసెన్సు అక్కర్లేని సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. అక్కడ ఉచితమైనా ఇక్కడ కాదు. పైగా మీ 446 సెట్లతో అవి కలవవు.

రేంజి: పెట్టె మీది అంకె ఎక్కడి నుంచి వచ్చింది

ఈ ఫ్రీక్వెన్సీలో తరంగం దాదాపు చూపు వెళ్లినంత దూరమే వెళ్తుంది. నేల గుండ్రంగా ఉండటం వల్ల చదును నేల మీద మనిషి నోటి ఎత్తులో, అంటే 1.5 మీటర్ల ఎత్తులో, సెట్టు పట్టుకుంటే రేడియో దిగంతం, అంటే తరంగం నేరుగా చేరే హద్దు, సుమారు 5 కి.మీ. అవతలి మనిషిదీ అంతే. రెండూ కలిపితే 10. మధ్యలో చెట్టు, గోడ, గుట్ట ఏదీ లేని చోట వచ్చే గరిష్ఠ అంకె అది. ఒకరు గుట్ట ఎక్కి నిలబడితే అర వాట్‌తోనే అంతకంటే ఎక్కువ కూడా వస్తుంది. అదే సెట్టు తిరుపతి గాంధీ రోడ్డు లాంటి ఇరుకు వీధుల్లో అర కిలోమీటరు దాటితే తడబడుతుంది. ఖాళీ పొలాల్లో రెండు, మూడు కిలోమీటర్లు ఆశించొచ్చు.

అర వాట్ నుంచి 5 వాట్లకు వెళ్తే పవర్ పదింతలు. రేంజి మాత్రం పదింతలు కాదు. అడ్డేమీ లేని చోట సుమారు మూడింతలు, గోడలూ జనమూ ఉన్న చోట రెండింతలకు లోపే. ఇనుప కడ్డీలున్న రెండు శ్లాబులు అడ్డం వస్తే ఆ పదింతల పవరూ అక్కడే ఖర్చయిపోతుంది. అందుకే డబ్బు వాట్ల మీద కాకుండా ఇయర్‌ఫోన్ల మీద, స్పేర్ బ్యాటరీల మీద పెట్టమంటాను.

పైసా ఖర్చు లేకుండా రేంజి పెంచేవి మూడున్నాయి. ఒకటి, సెట్టును నడుం బెల్టు నుంచి తీసి ముఖం ఎత్తుకు తెచ్చి మాట్లాడటం. బెల్టుకు ఉంటే సిగ్నల్లో పెద్ద భాగం ఒంటికే పోతుంది. రెండు, యాంటెనాను నిలువుగా ఉంచడం, దాన్ని గుప్పిట్లో పట్టుకోకపోవడం. మూడోది చాలామందికి తెలియదు: వినిపించకపోతే ఒక అర అడుగు పక్కకు జరగండి. 446 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 67 సెంటీమీటర్లు. గోడల మీద పడి తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోట్లు దాదాపు అడుగు ఎడంలో ఏర్పడతాయి. అక్కడే నిలబడి గట్టిగా అరిచినా ఫలితం ఉండదు, అర అడుగు జరిగితే మాట తేటగా వస్తుంది.

కొన్న రోజే చేయాల్సిన నడక పరీక్ష

హాలు ఖాళీగా ఉన్న రోజు ఒకరు వేదిక దగ్గర నిలబడాలి. రెండో మనిషి నోట్‌బుక్కుతో తిరగాలి. మెయిన్ గేటు, రోడ్డు అంచు, జనరేటర్ గది, వంటశాల, స్టోరు, పాత్రలు కడిగే చోటు, భోజనాల హాలు రెండు చివర్లు, పెళ్లికూతురి గది, పెళ్లికొడుకు గది, లిఫ్టు ముందు, సెల్లార్ నాలుగు మూలలు, డాబా. ప్రతి చోటా "హలో హలో" అనొద్దు. తెలిసిన మాటను చెవి తానే పూరించుకుంటుంది. మూడంకెల నంబర్లు మూడు చెప్పండి, అవతలి మనిషి తిరిగి చెప్పాలి. మూడూ సరిగ్గా వస్తే టిక్కు, రెండు వస్తే చుక్క, అంతకంటే తక్కువైతే ఇంటూ. ఈ కాగితం హాలు ప్లాను పక్కన అంటించి పెట్టుకోండి. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: వెయ్యి మంది జనం నిండాక రేంజి ఇంకా తగ్గుతుంది, కాబట్టి ఖాళీ హాలులో చుక్క పడిన చోటు పెళ్లి రోజు ఇంటూ అనుకోండి. స్టేజీ వెనక ఎల్ఈడీ వాల్ పెట్టే పెళ్లిళ్లలో దాని పక్కన నిలబడితే దూరపు మాటలు గరగరలో మునిగిపోతాయి. స్టేజీ మనిషిని దానికి నాలుగైదు మీటర్ల దూరంలో నిలబెట్టండి.

సెల్లార్‌లో లోపలి మూలల నుంచి పై అంతస్తుకు మాట అందదు. మధ్యలో రెండు శ్లాబులున్నాయి. మాటను అందుకుని మళ్లీ పంపే రిపీటర్ పెట్టించమని ఎవరైనా సలహా ఇస్తే ఈ ఉచిత బ్యాండ్‌లో ఆ పని చేయొద్దు, ఇవి సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడేందుకే. ర్యాంపు పైభాగంలో ఒక మనిషిని ఉంచండి. అక్కడి నుంచి సెల్లార్ లోపలికీ చూపు ఉంటుంది, పైకీ మాట వెళ్తుంది. కింది మనిషి చెప్పింది విని అతనే పైకి చెబుతాడు. ఎలాగూ అక్కడ బండ్లు ఆపేవాడు ఒకడు ఉంటాడు కదా, ఆ పని అతనికే అప్పగించండి. లిఫ్టు లోపల ఉండగా ఏ సెట్టూ పనిచేయదు. లిఫ్టు ఎక్కేముందే "లిఫ్టులోకి" అని ఒక మాట చెప్పడం అలవాటు చేయండి.

చానెల్, టోన్

ఎనిమిది మందికి ఒకే చానెల్ చాలు. రెండుగా విడగొడితే పార్కింగ్‌వాడికి కావాల్సిన కబురు వంటవాళ్ల చానెల్లో తిరుగుతుంది. పన్నెండు సెట్లు దాటినప్పుడు విడగొట్టే ఆలోచన చేయండి.

కంపెనీ నుంచి వచ్చిన సెట్టు సాధారణంగా చానెల్ 1 మీద ఉంటుంది. పక్క మండపంవాళ్లూ అలాగే వదిలేస్తారు. మాఘమాసంలో, శ్రావణంలో ఒకే రోజు నాలుగు మండపాల్లో పెళ్లిళ్లుంటే అందరి మాటలూ అందరికీ వినబడతాయి. ముహూర్తాలు ఎక్కువగా ఉన్న ఒక సాయంత్రం ఒక్కో చానెల్‌నూ పది నిమిషాలు టోన్ లేకుండా వినండి. ఎవరూ లేనిది ఎంచుకుని దానికి టోన్ పెట్టండి.

టోన్ అంటే మాటతో పాటు స్పీకర్‌లో వినిపించని లోతైన నాదం ఒకటి వెళ్తుంది, 67.0 నుంచి 250.3 హెర్ట్జ్ మధ్య. మీ సెట్టు ఆ నాదం వినబడితేనే స్పీకర్ తెరుస్తుంది. పెట్టె మీద దీన్ని "ప్రైవసీ కోడ్" అంటారు. అది ప్రైవసీ కాదు. మీకు ఇతరుల మాట వినబడకుండా చేస్తుందంతే. టోన్ లేని సెట్టున్న ఎవరికైనా మీ మాట మొత్తం వినబడుతుంది. నగల లెక్క, క్యాష్ ఎవరి దగ్గరుంది, పెళ్లికూతురి గదిలో ఎవరున్నారు, ఇవేవీ సెట్టులో చెప్పకూడదని మొదటి రోజే కచ్చితంగా చెప్పండి. అలాగే అవతలివాళ్లు అదే చానెల్లో మాట్లాడుతున్నప్పుడు మీకు వినబడకపోయినా తరంగాలు ఢీకొంటాయి, మీ మాట సగంలో తెగిపోతుంది.

వేర్వేరు కంపెనీల సెట్లు కలిపి వాడేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఒకదాంట్లో 88.5 హెర్ట్జ్ అంటే కోడ్ 8, ఇంకోదాంట్లో 69.3 హెర్ట్జ్ కూడా జాబితాలో ఉండటం వల్ల అదే 88.5 కోడ్ 9 అవుతుంది. కోడ్ నంబరు కాకుండా హెర్ట్జ్ చూసి కలపండి. ఒకే మోడల్ పది కొనమన్నది ఇందుకే. చార్జర్లు, బ్యాటరీలు, ఇయర్‌ఫోన్ ప్లగ్గులు కూడా మారవు.

సెట్టింగుల్లో ఇంకొకటి: మాట గడువు. ఎంతసేపు బటన్ నొక్కి ఉంచితే సెట్టు తనంతట తాను ఆపేయాలో అది చెబుతుంది. 60 సెకన్లు పెట్టండి. కుర్చీలో కూర్చున్నవాడి తొడ కింద బటన్ నొక్కుకుపోతే మిగతా ఏడుగురికీ దారి మూసుకుపోతుంది. పెళ్లి పనుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే, గడువు పెట్టి ఉంటే నిమిషంలో అదే తేరుకుంటుంది.

మాట్లాడే పద్ధతి

సెట్లు కొన్నా ఉపయోగం లేదని పక్కన పడేసేవాళ్లలో చాలామందికి లోపం సెట్టులో కాదు, మాట్లాడే తీరులో ఉంటుంది.

బటన్ నొక్కి ఒక సెకను ఆగి అప్పుడు మొదలుపెట్టాలి. సెట్టు పంపడం మొదలుపెట్టడానికి, అవతల టోన్ గుర్తుపట్టి స్పీకర్ తెరుచుకోవడానికి ఆ సమయం పడుతుంది. వెంటనే మాట్లాడితే మొదటి మాట పోతుంది. "వడ్డించొద్దు, ఆగండి" అన్నది "ఆగండి" అని చేరితే పర్వాలేదు. "ఇప్పుడు కాదు, తర్వాత పంపండి" అన్నది "పంపండి" అని చేరితే పంతి సగంలో గందరగోళం. నోటికి నాలుగు వేళ్ల దూరం ఉంచి, మామూలు గొంతుతో, మైకు మీదుగా కొంచెం పక్కకు మాట్లాడాలి. అరిస్తే మాట పగిలి ఇంకా అర్థం కాదు.

మనుషుల పేర్లతో పిలవొద్దు. ఏ హాలులోనైనా ఇద్దరు శ్రీనులు, ఇద్దరు బాలాజీలు ఉంటారు. చోటు పేరుతో పిలవండి: గేటు, వంట, స్టోరు, స్టేజి, పంతి, ర్యాంపు. ముందు అవతలివాడి పేరు, తర్వాత మీది: "వంట, స్టేజి మాట్లాడుతున్నా." అవతలి నుంచి "వంట, చెప్పండి" వచ్చాకే విషయం చెప్పాలి. చెప్పడం అయ్యాక "ఓవర్" అనండి. పనికి సంబంధం లేని మాటలు, కబుర్లు ఫోన్లో చెప్పుకోమనండి.

తెలుగు అంకెల్లో ఇరవై, అరవై సెట్టులో ఒకేలా వినబడతాయి. మొదటి అక్షరం తెగితే రెండూ "రవై"యే. పదిహేను, పదిహేడు కూడా అంతే. ఆకుల లెక్క, కుర్చీల లెక్క, బండి నంబరు ఎప్పుడూ విడి అంకెల్లో చెప్పాలి: "ఆరు సున్నా ఆకులు", "రెండు సున్నా కుర్చీలు". విన్నవాడు అంకెను తిరిగి చెప్పాలి. బండికి ముందు రంగు, రకం, ఆ తర్వాత చివరి నాలుగంకెలు. ఏపీ 03, ఏపీ 39 అంటూ మొదలుపెడితే అసలు నంబరు వచ్చేసరికి వినేవాడి ధ్యాస పోతుంది.

మేళం సంగతి విడిగా చెప్పాలి. గట్టిమేళం మోగే ఆ రెండు నిమిషాలు స్టేజి దగ్గర ఏ స్పీకరూ వినబడదు. స్టేజి, పంతి మనుషులకు మైకున్న ఇయర్‌ఫోన్ తప్పనిసరి. గొంతు వినగానే దానంతటదే పంపే సదుపాయం కొన్ని సెట్లలో ఉంటుంది, దాన్ని వీఓఎక్స్ అంటారు. దాన్ని ఆపేసి ఉంచండి. డోలు దెబ్బకు అది తెరుచుకుని మేళం మొత్తాన్ని చానెల్లోకి పంపిస్తుంది, సెల్లార్‌లో బండి ఇరుక్కుందన్న కబురు ఎవరికీ చేరదు. రెండు సెట్లు పక్కపక్కన ఉండి ఒకదాంట్లో మాట్లాడితే కూత పెడుతుంది, నాలుగైదు అడుగులు ఎడంగా జరగాలి. సౌండ్ మిక్సర్ పక్కన బటన్ నొక్కొద్దు, స్పీకర్లలో టక్కుమంటుంది.

వంటశాలలో జాగ్రత్త. గ్యాస్ వాసన వస్తే అక్కడ నిలబడి సెట్టు బటన్ నొక్కకూడదు, బ్యాటరీ అసలే తీయకూడదు. బయటికి వచ్చి చెప్పాలి. మామూలు వాకీటాకీలు మండే వాయువులున్న చోట వాడేందుకు తయారుచేసినవి కావు. ఇలాంటిదే ఇంకో హెచ్చరిక ఈ సమాధానం చదివే చిత్తూరు వైపు క్వారీలవాళ్లకు: కరెంటు డిటోనేటర్లు అమర్చిన చోట సెట్టుతో పంపడం ప్రమాదం. బ్లాస్టింగ్ బాధ్యుడు చెప్పిన దూరం లోపల సెట్టు పూర్తిగా ఆఫ్ చేసి ఉండాలి.

బ్యాటరీ

అర వాట్ సెట్లలో సాధారణంగా 3.7 వోల్టుల లిథియం బ్యాటరీ ఉంటుంది, 1,500 ఎంఏహెచ్ అటూఇటూ. కంపెనీలు చెప్పే గంటల లెక్క నూటికి ఐదు వంతులు మాట్లాడి, ఐదు వంతులు విని, తొంభై వంతులు ఊరికే ఉన్నట్టు వేసుకున్నది. గేటు, వంట సెట్లు అంతకంటే చాలా ఎక్కువ మాట్లాడతాయి, వాటి చార్జి ముందే అయిపోతుంది. మన పెళ్లి అంటే ముందురోజు సాయంత్రం 6కు రిసెప్షన్, రాత్రి 11 దాకా భోజనాలు, తెల్లవారుజామున 3కే మళ్లీ పొయ్యి వెలిగించడం. ఆ 11 నుంచి 3 మధ్య నాలుగు గంటలే చార్జింగ్‌కు దొరికేది. చాలా చార్జర్లకు ఆ సమయం సరిపోతుంది, కానీ ఎనిమిదీ ఒకేసారి పెట్టగలగాలి. కాబట్టి ఎనిమిది చార్జర్లు, జనరేటర్ లైను మీద ఉన్న ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఒకే అల్మరా. గేటుకు, వంటకు ఒక్కో స్పేర్ బ్యాటరీ జేబులో ఉండాలి.

ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా, అప్పుడు బ్యాటరీలను నిండుగానూ ఖాళీగానూ కాకుండా సగం చార్జితో సెట్టు నుంచి విడదీసి చల్లని గదిలో పెట్టండి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఎప్పుడూ వదలొద్దు, తిరుపతి వేడికి బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యాటరీని నొక్కి మూత పెట్టే ప్రయత్నం చేయకుండా పక్కన పడేయండి.

పనిచేయనప్పుడు

పచ్చ లైటు వెలుగుతోంది, మాట రావడం లేదు: టోన్ తేడా. టోన్‌తో పని లేకుండా స్పీకర్ తెరిచే మానిటర్ బటన్ నొక్కి చూడండి, మాట వస్తే ఖాయం.

ఏ లైటూ రావడం లేదు: చానెల్ మారింది, లేదా మీరు మూలన ఉన్నారు. జేబులో పెట్టి తీసేటప్పుడు చానెల్ గుండీ తిరిగిపోతుంది. బటన్ల తాళం వేసి ఇవ్వండి. గుండీ ఉన్న మోడల్ అయితే సరైన చానెల్ దగ్గర పెయింటు చుక్క పెట్టండి.

నొక్కితే ఎర్ర లైటు వచ్చి వెంటనే ఆరిపోతోంది: బ్యాటరీ దిగిపోయింది. పంపేటప్పుడే కరెంటు ఎక్కువ లాగుతుంది కాబట్టి వినడం బాగానే ఉంటుంది, మాట్లాడితేనే చస్తుంది.

చార్జర్‌లో పెట్టినా ఎక్కడం లేదు: వంటశాల సెట్లకు ఇది మామూలే. రాగి రేకుల మీద నూనె, పిండి పొర కడుతుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్ది పొడి గుడ్డతో తుడవండి.

మాట గొంతులో ముద్ద ఉన్నట్టు వస్తోంది: మైకు రంధ్రం మూసుకుపోయింది. పసుపు, కుంకుమ, పిండి, లేదా మాట్లాడేవాడి బొటనవేలు. మెత్తటి బ్రష్షుతో దులపండి, సూది మాత్రం గుచ్చొద్దు, లోపలి పొర చిరుగుతుంది. వంట సెట్టును పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి వాడినా మాట బాగానే వెళ్తుంది, ఆవిరి నుంచి కాపాడుతుంది.

ప్రతి సెట్టుకూ, దాని బ్యాటరీకీ ఒకే నంబరు స్టిక్కరు అంటించి పుస్తకంలో ఎవరికి ఇచ్చారో సంతకం తీసుకోండి. ఇయర్‌ఫోన్ ఎవరిది వారికే ఇచ్చేయండి, చెవిలో పెట్టుకునేది కాబట్టి పంచుకోవడం బాగుండదు.

కొండ మాట

అలిపిరి దగ్గర నిలబడి గాలిగోపురం దాకా మాట్లాడటం సాధ్యమే, ఎందుకంటే ఆ గోపురం కింద నుంచి కంటికి కనబడుతుంది. అది దాటాక దారి కొండ వెనక్కి, అడవిలోకి వెళ్తుంది. తిరుమల ఊరు శేషాచలం కొండల మడతలో ఉంది, తిరుపతికి నేరుగా చూపు లేదు. 5 వాట్లయినా 25 వాట్లయినా రాయిని దాటవు. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లే అయినా మొదలయ్యేదే శ్రీనివాసమంగాపురం అవతల కొండ పక్కన, మీ హాలు నుంచి దానికి ఏ రకంగానూ చూపు అందదు. ఇక ఆలయంలోకి ఫోన్ల మాదిరే ఎలక్ట్రానిక్ వస్తువులేవీ తీసుకెళ్లనివ్వరు. భద్రతా సిబ్బంది సొంత సెట్లతో తిరిగే చోట మీవాళ్ల చేతిలో సెట్టు చూస్తే ఆపి అడుగుతారు కూడా. బ్యాచ్‌కు ఫోనే ఇవ్వండి, మోకాళ్ల పర్వతం దగ్గరా, పైకి చేరాకా ఒక్కో కాల్ చేయమని చెప్పండి.

హాలుకు, తోటకు మధ్య సెట్టులాగే మాట్లాడాలని పట్టుదల ఉంటే సిమ్ వేసుకునే వాకీటాకీలు ఉన్నాయి. బటన్ నొక్కి మాట్లాడటం అలాగే ఉంటుంది, వెళ్లేది మాత్రం మొబైల్ టవర్ మీదుగా. టవర్ ఉన్నంత దూరం రేంజి. ఏటా రీచార్జి, మాట చేరడానికి ఒక క్షణం ఆలస్యం, సెల్లార్‌లో సిగ్నల్ లేకపోతే అసలే పనిచేయకపోవడం దాని లోపాలు. గరుడసేవ రోజున జనంతో టవర్లు కిక్కిరిస్తే అది కూడా మీ ఫోన్‌తో పాటే మూగబోతుంది. హాలు లోపలి పనికి అది వద్దు.

తోట

పదెకరాలంటే సుమారు 40,000 చదరపు మీటర్లు. చతురస్రంగా ఉంటే ఒక పక్క 200 మీటర్లు, మూల నుంచి మూలకు 283. అర వాట్ సెట్టుకు ఇది లెక్కే కాదు. వానల తర్వాత తడిసిన మామిడి ఆకు ఈ తరంగాన్ని బాగా పీల్చుకుంటుంది, అయినా ఈ దూరానికి ఇబ్బంది రాదు. తోట నుంచి దామలచెరువు మండీ దాకా మాట్లాడాలంటే మాత్రం దారిలో గుట్టలు ఏమున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. మంచె ఎక్కి మాట్లాడితే నేల మీద కంటే చాలా మేలు. 27 మెగాహెర్ట్జ్‌లో కూడా లైసెన్సు అక్కర్లేని బ్యాండ్ ఉంది, ఆకుల్లోంచి అది ఇంకా బాగా దూరుతుంది కూడా. కానీ దానికి సరైన యాంటెనా పావు తరంగం పొడవున, అంటే రెండున్నర మీటర్ల పైన ఉండాలి. చేతి సెట్టుకు పెట్టే పొట్టి యాంటెనాతో ఆ లాభం పోతుంది. తోటకూ 446 సెట్లే వాడండి.

కోత రోజుల్లో ఒక సెట్టు చెట్ల దగ్గర, ఒకటి తూకం దగ్గర, ఒకటి లారీ దగ్గర ఉంటే చాలు. క్రేట్ల లెక్క విడి అంకెల్లో, తిరిగి చెప్పించుకుంటూ. తోట సెట్లకు హాలు సెట్లతో కలవని వేరే టోన్ పెట్టకండి, ఒకే టోన్ ఉంచండి. పెళ్లి పెద్దదైతే అక్కడివి ఇక్కడికి తెచ్చుకోవచ్చు.

రాత్రి కాపలాకు ఇస్తే ఒక నియమం పెట్టండి. పలమనేరు, కుప్పం వైపే కాదు, అడవి అంచున ఉన్న ఏ తోటకైనా ఏనుగులు రావచ్చు. కాపలావాళ్లు గంటకోసారి, అరగంట దాటకుండా అయితే ఇంకా మంచిది, సెట్టులో పలకాలి. రెండుసార్లు పలకకపోతే వెతుకుతూ ఒంటరిగా వెళ్లకుండా ఇద్దరు, ముగ్గురు కలిసి వెళ్లాలి. స్పీకర్ ఆపి ఇయర్‌ఫోన్‌తో వినాలి. చీకట్లో ఏనుగుకు దగ్గరగా సెట్టు ఒక్కసారిగా గట్టిగా పలికితే అది మనిషి ఉన్న చోటు పట్టిచ్చినట్టే. జాడ కనబడగానే సెట్టులో చెప్పాల్సింది ఎటు వైపు ఉంది, ఎన్ని ఉన్నాయి అన్న రెండు మాటలు మాత్రమే. తర్వాత అందరూ వెనక్కి వచ్చేయాలి, అటవీ శాఖవాళ్లకు ఫోన్ చేయాలి. తరమడానికి జనాన్ని పోగుచేయడం కోసం సెట్టు వాడొద్దు. చెట్లు పోయినా మనిషిని వెనక్కి పిలిపించడానికే ఆ సెట్టు అక్కడ ఉంది.